ఇంజనీరు గారి వంతు

పోయిన నెలలో మా వాషింగ్ మిషన్ తిరగడం మానేసింది. కంపెనీకి ఫోన్ చేస్తే అవతల ఒకమ్మాయి ఎంతో మర్యాదగా, రేపు పదింటికి మా ఇంజనీరు గారు వస్తారు మేడమ్ అంది. వచ్చాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో, కాస్త బొజ్జ, మెడలో తాడు, తాడుకి కార్డు, కార్డు మీద 'సర్వీస్ ఇంజనీరు' అని అచ్చు. మిషన్ని గోడ దగ్గర్నుంచి ఇవతలికి లాగి, వెనక మూత విప్పి, గొట్టంలోంచి నా తలపిన్ను ఒకటి తీసి, "ఇదండి సంగతి" అని నా చేతిలో పెట్టాడు. కాఫీ ఇస్తూ ఏం చదువుకున్నావు బాబూ అని అడిగాను. ఊరికే అడగలేదు, కడుపులో ఎక్కడో మండుతూనే ఉంది. ఇంటరు దాకా చదివి ఆపేశాట్ట, కంపెనీలో చేరగానే వాళ్ళే ఇంజనీరని కార్డిచ్చారట. ఇంతలో కింద నుంచి వాచ్‌మన్ "ఇంజనీరు గారూ, మీ బండి కాస్త పక్కకి తీయండి" అని కేకేశాడు. ఈ మనిషి ఏమాత్రం తడుముకోకుండా "ఆఁ, వస్తున్నా" అన్నాడు. నేను సివిల్ ఇంజనీరింగు చదివి, గోదావరి కాలవల మీద ముప్ఫై రెండేళ్ళు ఉద్యోగం చేసి, రిటైరై ఈ రాజమండ్రి ఫ్లాటులో కూర్చున్నదాన్ని. ఆ వాచ్‌మన్ నన్ను పిలిచేది మూడొందల రెండు అమ్మగారూ అని.

మా డెల్టాలో ఈ ఇంజనీరన్న మాటకి ఉన్నన్ని అర్థాలు ఏ నిఘంటువులోనూ ఉండవు. మా నాన్నమ్మ లెక్కలో ఇంజనీరంటే కాలవ గట్టు మీద జీపులో వచ్చి, బంగళాలో దిగి, కోడికూర తిని వెళ్ళే మనిషి. ఆవిడ చిన్నతనంలో పడవలో వచ్చేవాట్ట. పడవ పోయి జీపొచ్చింది గానీ కోడి మాత్రం మారలేదు. పెళ్ళి సంబంధాలు చెప్పేవాళ్ళ భాషలో ఇంజనీరంటే బెంగళూరులో కంప్యూటరు ముందు కూర్చునే కుర్రాడు. ఏ కంప్యూటరు, ఏం చేస్తాడు అని అడక్కూడదు, అడిగితే సంబంధం ఇష్టం లేదని అర్థం. ఇల్లు కట్టుకునేవాళ్ళకి ప్లాను మీద స్టాంపు గుద్దే ఆయన ఇంజనీరు. తాపీమేస్త్రీ తెల్లచొక్కా వేసుకుని సెల్‌ఫోన్ పట్టుకుంటే ఆయనా ఇంజనీరే. రొయ్యల చెరువుల దగ్గర మోటార్లు విప్పి బిగించేవాడు ఇంజనీరు. మా మేనత్త కొడుకు ఏ పనీ చెయ్యకుండా అందరి పనికీ సలహాలు చెబుతుంటే, మా మేనత్త "వీడో పెద్ద ఇంజనీరు" అని తిట్టేది. మా పక్క వీధిలో ఇంజనీరు గారి మేడ అని ఒక ఇల్లుంది. ఆ ఇంజనీరు పోయి ఎంతకాలమైందో వీధిలో ఎవరికీ గుర్తు లేదు. ఇప్పుడందులో అద్దెకున్నాయనకి కిరాణా కొట్టు, ఆయన్ని కూడా ఇంజనీరు గారి మేడాయన అంటారు. ఇంతమందికి ఇన్ని రకాలుగా దొరికిన మాట నాకు ఒక్కదానికే దొరకలేదు. ఆ ఉక్రోషంతోనే ఇది రాస్తున్నాను, ముందే చెప్పేస్తున్నాను.

ఆ సర్వీసు ఇంజనీరు లిఫ్టు దిగాడో లేదో నా ఫోను మోగింది. తణుకు అవతల నేను అసిస్టెంట్ ఇంజనీరుగా పనిచేసిన సెక్షన్‌లో ఒక పిల్లకాలవ ఉంది. దాని మీద పై ఊరు ఒకటి, కింది ఊరు ఒకటి. ఆ రెండూళ్ళకీ కలిపి ఉన్న నీటి సంఘం కార్యదర్శి మాట్లాడుతున్నాడు. కాలవ తల దగ్గర తుప్పుపట్టిన పాత షట్టర్లు తీసేసి కొత్తవి బిగించారట, వచ్చే ఆదివారం సభ పెట్టుకున్నారట. "ఇంజనీరు గారి ఫొటో ఒకటి కావాలండి, ఫ్లెక్సీలోకి. మేము ఇప్పటికీ దాళ్వాలో ఇంజనీరు గారి వంతే నడుపుతున్నామండి" అన్నాడు. దాళ్వా అంటే ఎండాకాలం వైపు పండే రెండో పంట. నీళ్ళు చాలని రోజుల్లో ఈ ఊరికిన్ని రోజులు, ఆ ఊరికిన్ని రోజులు అని పంచుకోవడాన్ని వంతు అంటారు. ఆ కాలవ మీద వంతు పెట్టింది నేను. ఒక్క క్షణం నా గుండె పొంగిపోయింది. పాతికేళ్ళయినా గుర్తుపెట్టుకున్నారే, ఏ ఫొటో పంపాలి, కళ్ళజోడు ఉన్నదా లేనిదా అని నేను ఆలోచిస్తూనే ఉన్నాను. "దండ వేస్తాం కదండీ, పోయినవారిది కాస్త పెద్ద ఫొటో అయితే బాగుంటుందండి" అన్నాడు.

మూడేళ్ళ కిందట పోయింది మా ఆయన. ఆయన హైస్కూల్లో తెలుగు మాస్టారు. షట్టరు ఏ వైపు తిప్పితే లేస్తుందో, ఏ వైపు తిప్పితే దిగుతుందో ఆయనకి చివరిదాకా తెలియదు.

వంతు పెట్టింది నేనండీ, మా ఆయన కాదు అని ఫోనులోనే చెప్పాను. కార్యదర్శి ఏమీ నొచ్చుకోలేదు. "అదేనండి మేడమ్ గారూ, ఎవరైతే ఏంటండి, మీ ఇల్లే కదండీ పెట్టింది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. చూసి పంపిస్తానని ఫోను పెట్టేశాను.

ఇల్లు అన్నాడు చూశారూ, అక్కడే ఉంది అసలు మెలిక. మా వైపు హోదా అనేది మనిషికి కాదు, ఇంటికొస్తుంది. డాక్టరు గారిని చేసుకున్నావిడ సూది పట్టుకోవడం రాకపోయినా డాక్టరమ్మగారే. మాస్టారి భార్యకి ఓనమాలు రాకపోయినా పంతులమ్మగారే. ఇది ఎన్ని తరాల నుంచో ఉన్న మర్యాద, ఎవరూ తప్పు పట్టరు. ఆడది ఉద్యోగం చేసి హోదా తెస్తే ఏం చెయ్యాలన్నది మాత్రం ఆ మర్యాదలో ఎక్కడా రాసి లేదు. అందుకని జనం తమకి తెలిసిన లెక్కనే తిరగేసి వాడారు. ఇంటికి ఇంజనీరు హోదా వచ్చింది, ఇంట్లో మగమనిషి ఉన్నాడు, కాబట్టి ఆయన ఇంజనీరు గారు. నేను ఇంజనీరు గారి ఆవిణ్ణి. నా ఉద్యోగం వాళ్ళకి తెలియక కాదు. గట్టు మీద కొలతలు తీసేది నేనే, చేతికి మట్టి అయ్యేది నాకే, బిల్లుల మీద సంతకం నాదే. అన్నీ చూస్తూనే నాతో "ఇంజనీరు గారితో ఒక మాట చెప్పండమ్మా" అనేవారు.

దీనికి ఆజ్యం పోసింది మా స్కూటరు. నాకు బండి నడపడం భయం. మా ఆయన నడిపేవారు, నేను వెనక కూర్చునేదాన్ని. సెలవు రోజుల్లో, బడి అయిపోయిన సాయంత్రాల్లో నన్ను గట్ల మీద తిప్పేవారు. నేను తూము దగ్గర దిగి గేజి చూసుకుంటుంటే ఆయన స్టాండు వేసి, చేతులు వెనక కట్టుకుని, కాలవ వైపు చూస్తూ ఏదో పద్యం నెమరు వేసుకునేవారు. దూరం నుంచి చూసేవాళ్ళకి ఆయన నీటిమట్టం అంచనా వేస్తున్నట్టు ఉండేది. గేటుకి నా పేరు, దాని కింద అసిస్టెంట్ ఇంజనీరు అని బోర్డు రాయించి పెట్టింది కూడా ఆయనే. అది చూసైనా బుద్ధి తెచ్చుకుంటారనుకున్నాను. ఎదురింటావిడ ఒకరోజు, ఎంత మంచి మనిషండీ మీవారు, బోర్డు కూడా మీ పేరు మీదే పెట్టారు అంది. భార్య పేరు మీద స్థలం కొనేవాళ్ళని చూసిన ఊరు కదా, పాపం ఆవిడ తప్పేముంది.

మొదటి ఏడు మా ఆయన నిజాయితీగా దిద్దేవారు. ఎవరొచ్చి ఇంజనీరు గారూ అన్నా, "నేను కాదండీ, మా ఆవిడ. నేను బళ్ళో తెలుగు చెబుతాను" అని కుర్చీ లోంచి లేచి మరీ చెప్పేవారు. వచ్చినాయన నవ్వి, తమరి వినయం మాకు తెలియదాండీ అనేవాడు. రెండో ఏడు, చూద్దాంలెండి అనడం మొదలుపెట్టారు. మూడో ఏడుకి బడి నోటు పుస్తకం ఒకటి ప్రత్యేకంగా పెట్టి, వచ్చినవాళ్ళ ఫిర్యాదులన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంచేవారు. నేను సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే, కింది ఊరి తూము దగ్గర ఊట వస్తోందటోయ్, రేపు చూడు అని పురమాయించేవారు కూడా. సొమ్మొకడిది సోకొకడిది అని నేను విసుక్కుంటే, ఏం చేయనోయ్, కాదంటే వాళ్ళు చిన్నబుచ్చుకుంటున్నారు అనేవారు. అబద్ధం. ఆయనకి బాగుండేది. బళ్ళో నలభై ఏళ్ళ కింద అచ్చయిన పుస్తకంలోంచి సంధులు చెప్పుకునే మనిషికి, గట్టు మీద పదిమంది తువ్వాలు భుజం మీంచి తీసి దణ్ణం పెడుతుంటే బాగుండదా మరి. ఆత్రేయపురం నుంచి ఎవరైనా పూతరేకులు తెచ్చి, ఇంజనీరు గారికివ్వండి అని నా చేతికిచ్చి పోయేవారు. కోపమొచ్చేది గానీ పూతరేకులు ఇద్దరం తినేవాళ్ళం.

ఇక వంతు సంగతి. ఆ ఏడు దాళ్వాకి గోదావరిలో నీళ్ళు బాగా తగ్గిపోయాయి. కింది ఊరి చేలు పొట్ట మీద ఉన్నాయి, ఆ వారం తడి తప్పితే వెన్నులో గింజ ఉండదు, అంతా తాలే. పై ఊరివాళ్ళు కాలవకి అడ్డంగా మట్టి బస్తాలు వేసి నీళ్ళు ఎగదన్నించుకుంటున్నారు. కింది ఊరివాళ్ళు బస్తాలు లాగేయడానికి గునపాలతో వచ్చారు, పై ఊరివాళ్ళు కర్రలతో గట్టెక్కారు. ఆ రోజు ఎవరి తలకాయా పగలకపోవడం ఆ ఊళ్ళ అదృష్టం. నేను రెండు రోజులు ఎండలో లెవెల్ మిషను మోసుకుని ఆ పిల్లకాలవ పొడుగునా కొలిచాను. లెక్క తేలిగ్గానే తేలింది. ఉన్న కాసిని నీళ్ళూ రోజూ ఇద్దరికీ వదిలితే కాలవలో మట్టం లేవదు. పై ఊళ్ళో మెరక చేలకి ఎక్కదు, కింది ఊరి చివరిదాకా పాకదు, ఇద్దరూ మునుగుతారు. మొత్తం నీళ్ళు అయిదు రోజులు ఒక ఊరికి, అయిదు రోజులు ఇంకో ఊరికి వదిలితే ఇద్దరికీ అందుతాయి. ఇంతే. దీన్ని గట్టు మీద నిలబడి రెండూళ్ళ పెద్దలకీ కాగితం మీద గీసి చూపించాను. అందరూ ఎంతో శ్రద్ధగా విన్నారు. విని, "బాగా చెప్పారమ్మా. ఎండగా ఉంది, మీరలా నీడలో కూర్చోండి. ఇంజనీరు గారు వచ్చాక తేల్చుకుందాం" అన్నారు. షట్టర్లు దింపే లస్కరు నా కింద పనిచేసే మనిషి, నేను సంతకం పెడితేగానీ జీతం రాదు. వాడు కూడా, అయ్యగారు ఎప్పుడొస్తారండీ అని అడిగాడు. చేతిలో కాగితం చింపి కాలవలో పారేద్దామన్నంత కోపం వచ్చింది. కానీ కింది ఊరి చేల వైపు చూస్తే ఆకు కొసలు అప్పుడే ఎర్రబడుతున్నాయి. ఇంటికెళ్ళి, ఆదివారం మీరు నాతో రండి అని మా ఆయనకి చెప్పాను. అది నా చేతులతో నేను చేసుకున్న పని, ఎవర్నీ అనడానికి లేదు.

ఆదివారం మాటలు పై ఊళ్ళో ప్రెసిడెంటు గారింట్లో. అంతకుముందు పంచాయతీ ఎన్నికల్లో వాళ్ళ ఊరు ఆడవాళ్ళకి రిజర్వు అయితే, ఆయన తన భార్య చేత నామినేషన్ వేయించి గెలిపించారు. పెద్ద రైతు, మాట ఉన్నవాడు. వీధి వసారాలో ఆయనా, మా ఆయనా పక్కపక్కన పడక్కుర్చీల్లో కూర్చున్నారు, రెండూళ్ళ రైతులూ చుట్టూ చాపల మీద. ప్రెసిడెంటు గారి భార్య నన్ను లోపలికి పిలిచి పెరటి వసారాలో పీట వేసింది. అక్కడ నుంచి అన్నీ వినబడుతూనే ఉన్నాయి. మా ఆయన నేను నూరిపోసినదంతా మంచి తెలుగులో చెబుతున్నారు గానీ, పై ఊరివాళ్ళు మొదటి వంతు మాకే కావాలని పట్టుబట్టి కూర్చున్నారు. మొదటి వంతు వాళ్ళకిస్తే కింది ఊరి పంట పోయినట్టే. మా ఆయన చెప్పిందే మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టారు. నేను బయటికెళ్ళి చెప్పబోతే మాటలు ఆపి, ఏం కావాలమ్మా అని అడుగుతారు. కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. దుఃఖం ఆగలేదు.

ప్రెసిడెంటు గారి భార్య నా ఏడుపు చూసింది. వత్తులు చేసుకుంటున్న పత్తి పక్కన పెట్టి, దగ్గరికి జరిగి, "మాకు ఈ నాలుగైదు రోజులూ నీళ్ళే వద్దండి" అంది. నాకు అర్థం కాలేదు. "మా చేలల్లో వరి దుబ్బులకి దోమ పడిందండి. ఆరగడితేగానీ పోదు. నిన్న పొద్దున్న నుంచీ అందరూ ఉన్న నీళ్ళు మురుక్కాలవలోకి తీసేసుకుంటున్నారు. ఒకసారి షట్టరు దింపితే మళ్ళీ ఎత్తరేమోనని భయం, అంతేనండి" అంది. వసారాలో ఉన్న పై ఊరి మగవాళ్ళందరికీ తెలిసిన విషయం అది. ఒక్కడూ నోరు విప్పలేదు. ఎత్తకపోతే నన్నడగండి, రాసిస్తాను అన్నాను. అయితే రాయండి, ఊరి తరఫున నేనూ పెడతాను సంతకం, అప్పుడు ఇద్దరం మాట మీద ఉండాల్సిందే అంది. అక్కడే పీట మీద పెట్టుకుని రాశాను. మొదటి అయిదు రోజులు కింది ఊరికి, ఆరోరోజు సూర్యోదయానికి షట్టరు ఎత్తకపోతే పూచీ నాది. నేను సంతకం పెట్టాను. ఆవిడ లోపలికెళ్ళి బీరువాలోంచి పంచాయతీ ముద్ర తెచ్చి, నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరమే సంతకం పెట్టి, ముద్ర వేసింది. మా ఆయన్ని మంచినీళ్ళకని లోపలికి పిలిచి, దోమ సంగతి చెవిన వేసి, కాగితం చేతికిచ్చాం.

ఆయన వసారాలో లేచి నిలబడి ఆ కాగితం చదివితే నిజంగా చెవులకి ఇంపుగా ఉంది, కాదనను. సూర్యోదయం అన్న మాట దగ్గర గొంతు కాస్త పెంచారు కూడా. దోమ మాట ఎత్తకుండానే దోమ సంగతి తనకి తెలుసని తెలియవలసినవాళ్ళకి తెలిసేట్టు ఒక చిరునవ్వు నవ్వారు. పై ఊరివాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. కింది ఊరి పెద్దాయన లేచి వచ్చి మా ఆయన చేతులు పట్టుకుని, "ఇంజనీరు గారు చెప్పాక ఇంక తిరుగుంటుందాండీ" అన్నాడు. అయిదు రోజులు కింది ఊరికి నీళ్ళు పారాయి. ఆరోరోజు తెల్లారేసరికి నేనే గట్టు మీద నిలబడి షట్టరు ఎత్తించాను. ఆ పొద్దున్న మా ఆయన నిద్రపోతున్నారు. పంట దక్కింది. మరుసటేడు కూడా అదే వంతు పెట్టుకున్నారు, ఆ మరుసటేడూ అంతే. దానికి ఇంజనీరు గారి వంతు అని పేరు పడిపోయింది. మూడేళ్ళకి నాకు బదిలీ అయింది. వీడ్కోలు సభలో శాలువా మా ఆయనకి కప్పారు, నాకు చీర పెట్టారు.

ఆ కోపం నాకు ఎప్పుడూ పూర్తిగా పోలేదు. ఆయన పోయినప్పుడు కింది ఊరి నుంచి వ్యాను కట్టించుకుని పాతికమంది వచ్చారు. ఇంజనీరు గారు వెళ్ళిపోయారమ్మా అని భోరుమన్నారు. నేను ఏడుస్తూనే ఉన్నాను, ఏడుస్తూనే లోపల మండిపోయాను. మొగుడు పోయి శవం ముందు కూర్చున్న మనిషికి రావలసిన కోపమేనా అది. మనిషి బతికి ఉంటే, మీ వంతు గురించి వచ్చారండోయ్ అని దెప్పేదాన్ని, ఆయన నవ్వేవారు, ఇద్దరికీ సరిపోయేది. నవ్వేవాడు లేకుండా పోయాక ఆ దెప్పుడు నా దగ్గరే మిగిలిపోయింది.

అందుకని ఈసారి ఊరుకోదల్చుకోలేదు. మా ఆయన ఫొటో పంపలేదు. నా పాత గుర్తింపు కార్డు మీది ఫొటో వెతికి, కార్యదర్శికి వాట్సాప్‌లో పంపి, కింద 'అప్పటి ఇంజనీరు' అని రాశాను. రెండు నీలం గీతలు పడ్డాయి. దణ్ణం పెడుతున్న చేతుల బొమ్మ ఒకటి తిరిగొచ్చింది. ఆదివారం పొద్దున్నే కారు మాట్లాడుకుని వెళ్ళాను. కాలవ తల దగ్గర షామియానా, దాని పక్కన నిలువెత్తు ఫ్లెక్సీ. బళ్ళో ఎవరినడిగి సంపాదించారో గానీ మా ఆయన రిటైర్‌మెంటు నాటి ఫొటో అంతెత్తున ఉంది. కింద మూలగా నా ఫొటో, అరచేతంత. ఇంజనీరు గారి ధర్మపత్ని అని అచ్చు.

నన్ను స్టేజీ మీద కూర్చోబెట్టారు. ప్రెసిడెంటు గారు కూడా ఉన్నారు, ఎనభై దాటాయి, చేతికర్ర వచ్చింది. ఇంజనీరు గారి తరఫున శాలువా అందుకోమని నన్ను పిలిచారు. నేను మైకు అడిగి తీసుకున్నాను. అన్నీ చెప్పాను. మా ఆయన తెలుగు మాస్టారనీ, ఈ కాలవని కొలిచింది నేననీ, వంతు రాసింది నేననీ, ముప్ఫై రెండేళ్ళు ఇదే ఉద్యోగం చేసి రిటైరయ్యాననీ, ఒక్కరోజు కూడా ఎవరూ నన్ను ఇంజనీరు గారూ అని పిలవలేదనీ, అది నాకు కష్టంగా ఉందనీ చెప్పాను. ఆనాడు మాకు ఇంట్లో చోటిచ్చి సాయపడిన ప్రెసిడెంటు గారికీ, వారి శ్రీమతికీ కృతజ్ఞతలు కూడా చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. కార్యదర్శి మైకు అందుకుని, మేడమ్ గారు ఇంజనీరు గారిని తలుచుకుని చాలా బాధపడుతున్నారు, ఒక నిమిషం మౌనం పాటిద్దాం అన్నాడు. అందరితో పాటు నేనూ లేచి నిలబడ్డాను. మరేం చెయ్యను.

ఆ నిమిషం అయ్యాక స్టేజీ దిగి వచ్చేశాను. వెనక ఆడవాళ్ళ కుర్చీల్లో ప్రెసిడెంటు గారి భార్య ఒక్కతే ఒక పక్కగా కూర్చుని ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది, మనిషి సగమైంది. ఆవిడ పక్కన కూలబడి, చూశారా వదినగారూ ఎలా చేశారో, ఎంత చెప్పినా ఇంతే, ఈ జన్మకి ఇంతే అని నా బాధంతా వెళ్ళగక్కాను. ఆవిడ నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"మీరు చెప్పింది నిజమేనండి. వంతు రాసింది మీరే, నేను చూశాను కదండీ" అంది. ఆ ఒక్క మాటకి నా కళ్ళు నిండిపోయాయి. పాతికేళ్ళ నుంచి ఎవరో ఒకరు అనాలని కోరుకున్న మాట అది. తుడుచుకుంటుంటే, ఇంకా నా చెయ్యి వదలకుండానే ఆవిడ నెమ్మదిగా అంది. "మైకులో మీరు ప్రెసిడెంటు గారికీ, వారి శ్రీమతికీ అన్నారండి. ఆ కాగితం మీద ప్రెసిడెంటని సంతకం పెట్టింది నేనండి."

దెబ్బలాటగా అనలేదు, నిష్ఠూరంగా కూడా అనలేదు. గెలిచింది ఆవిడ, ముద్ర ఆవిడది, ఊరి గుట్టు విప్పి కింది ఊరి పంట కాపాడింది ఆవిడ. ఆ సెక్షన్‌లో ఉన్నన్నాళ్ళూ ఎన్నోసార్లు ఆ ఇంటికి వెళ్ళాను. ప్రెసిడెంటు గారున్నారాండీ అని ఆవిణ్ణే అడిగేదాన్ని. ఉన్నారండీ, కూర్చోండి అని ఆవిడ ఆయన్ని పిలుచుకొచ్చేది. ఇంటికొచ్చి ఇదంతా రాశాక ఒకసారి చదివి చూసుకున్నాను. పైన కూడా ప్రెసిడెంటు గారి భార్య, ప్రెసిడెంటు గారి భార్య అనే రాసుకుంటూ పోయాను. కొట్టేసి దిద్దుదామనుకున్నాను గానీ మనసొప్పక అలాగే ఉంచేశాను. ఊరందరినీ తిట్టిన నోరు కదా, నలుగురూ చూడాలి.

ఆ రోజు మాత్రం కాసేపటికి ఆవిడ వైపు తిరిగి, "ప్రెసిడెంటు గారూ" అని పిలిచాను. ఆవిడ తల తిప్పి స్టేజీ వైపు చూసింది, ఆయన్ని ఎవరో పిలుస్తున్నారనుకుని. మిమ్మల్నేనండీ అన్నాను. ఆవిడకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక చిన్నపిల్లలా సిగ్గుపడి, ఇప్పుడెందుకులెండి అని నా చెయ్యి వదిలేసింది. ఆవిడ పదవి అయిదేళ్ళు. ఆ అయిదేళ్ళలో ఏ ఒక్కరోజు పిలిచినా ఆవిడ పలికేది. నేను పిలిచేసరికి ఆ పిలుపు తనదని కూడా తెలియనంత కాలం గడిచిపోయింది.